ఎకిల్స్ కేకు తినుటకొక మర్యాద కలదు

ఆంగ్లమున ‘కరెంట్’ అని పలుకబడు మాటలు రెండున్నవి. ఒకటి ప్రవాహము, విద్యుత్తు ఆ పేరుతోనే తెలుగునాట ఇంటింట నిలిచిపోయినది. రెండవది ఒకే ఒక అక్షరము తేడాతో వ్రాయబడు వేరొక మాట. అది ఒక ఎండుపండు పేరు. ఆంగ్ల కథలు చదువు బాలుడు ఈ రెండవ మాట తగిలినపుడు రొట్టెలో విద్యుత్తేమిటని నవ్వును. ఉపాధ్యాయుడు ‘ఎండుద్రాక్ష’ అని అర్థము చెప్పి పాఠము ముందుకు నడుపును. ఆ అర్థము తప్పని ఎవరును అనజాలరు. అయినను దానివలన బాలుని కంటికి పాయసములోని కిస్‌మిస్ కనబడునే గాని, ఆ ఆంగ్ల రచయిత చూచిన వస్తువు కనబడదు.

ఆ వస్తువు వేరు. అది గ్రీసు దేశపు చిన్న నల్లద్రాక్ష, గింజ లేనిది, ఎండిన పిమ్మట మిరియపు గింజ కంటె కొంచెమే పెద్దదిగా ఉండును. కిస్‌మిస్‌కు ఉన్న పసిడి వన్నె దీనికి లేదు, ఆ ఉబ్బు లేదు. తీపి వెనుక సన్నని పులుపు, దాని వెనుక రవ్వంత వగరు నాలుకకు తగులును. కోరింత్ అను గ్రీకు పట్టణము పేరు ఫ్రెంచివారి నోట, పిదప ఆంగ్లేయుల నోట అరిగి అరిగి ‘కరెంట్’ అయినది. నల్ల కరెంట్, ఎర్ర కరెంట్ అని పొదలకు కాయు పుల్లని పండ్లు మరి రెండున్నవి. వానికి ద్రాక్షతో చుట్టరికమే లేదు. చూపునకు ఒకటిగా ఉండుటచే ఆ పేరు వానికిని అంటుకొన్నది. నిఘంటువు తిరుగవేయు విద్యార్థి ఈ మూడింటిని ఒకే గాటను కట్టివేయుట తరచు జరుగును.

ఈ చిన్న పండును పూర్ణముగా పెట్టి ఇంగ్లండులో చేయు భక్ష్యములలో మేటి ఎకిల్స్ కేకు. ఎకిల్స్ అనునది మాంచెస్టరునకు పడమట నాలుగైదు మైళ్ల దూరముననున్న ఊరు. పూర్వము లాంకషైర్ సీమలోనిది. 1974 నుండి సాల్ఫర్డ్ పాలనలో చేరినది. క్రైస్తవ దేవాలయమును తెలుపు ప్రాచీన పదమే ఆ ఊరి పేరునకు మూలము. ఇక ‘కేకు’ అను మాట ఇచ్చట మోసము చేయును. తెలుగునాట కేకు అనగా పుట్టినరోజున కోయు మెత్తని, నురుగు పూసిన పదార్థము. ఎకిల్స్ కేకునకు ఆ మెత్తదనము లేదు, ఆ నురుగు లేదు. అరచేతిలో ఇముడు గుండ్రని బిళ్ల; పైన పొరలు పొరలుగా పెళుసైన పిండి, లోపల నల్లని పూర్ణము. పట్టణములలోని బేకరీలలో కర్రీ పఫ్ తిన్నవారికి ఆ పొరల సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. గోధుమపిండి ముద్దలో వెన్న ఉంచి, మడచి వత్తి, మరల మడచి మరల వత్తగా ఏర్పడు పొరలవి.

పూర్ణమను మాట ఇచ్చట కావలెననియే వాడబడినది. దీనికి ఆంగ్లమున ఉన్న మాటకు ‘నింపుట’ అని మాత్రమే అర్థము. సంచిలో ఇసుక నింపినను ఆ మాటయే. లోపలనున్నదే భక్ష్యమును పూర్తిచేయునన్న భావము తెలుగు మాటలో ఉన్నది. కరెంట్లను కరిగిన వెన్నతోను, గోధుమవన్నె చక్కెరతోను కలిపి, జాజికాయ అరగదీసి చల్లి, నారింజ లేక నిమ్మ తొక్కల పాకపు ముక్కలు కొన్ని చేర్తురు. పిండిని పలుచగా వత్తి గుండ్రముగా కోసి, నడుమ ఈ పూర్ణమునొక చెంచాడు పెట్టి, అంచులు పైకి తెచ్చి ముడిచి, బోర్లించి, అప్పడాల కర్రతో మెల్లగా అదుముదురు. పై పొర పలుచనై లోపలి నలుపు మసకగా కనబడువరకే అదుమవలెను. అంతకు మించిన పగిలిపోవును. బొబ్బట్లు చేసిన చేతికి ఈ పని కొత్తగా తోచదు. పిమ్మట కత్తితో పైన మూడు గాట్లు పెట్టి, కోడిగ్రుడ్డు తెల్లసొన పూసి, పలుకు చక్కెర చల్లి పొయ్యిలో కాల్తురు. గాట్లలోనుండి ఉడుకు పాకము కొంచెము పైకి పొంగి అంచున నల్లగా అంటుకొని ఉండును. లోపలి నల్లని కరెంట్లను చూచియే ఇంగ్లండు పిల్లలు దీనికి నలిగిన ఈగల కేకు అని ముద్దుపేరు పెట్టినారు. పేరు విని విరక్తి చెందినవాడు ఆ పిల్లలలో ఒక్కడును ఉండి ఉండడు.

1793లో జేమ్స్ బర్చ్ అను వర్తకుడు ఎకిల్స్ ఊరిలో తన దుకాణమున ఈ కేకులను అమ్మెను. వ్యాపార సరళిలో వీనిని అమ్మిన మొదటివాడుగా ఆయన పేరు చెప్పుట వాడుక. కొంతకాలమునకు ఆయన వీధి దాటి ఎదుటి ప్రక్కనున్న దుకాణమునకు మారెను. ఆయనయొద్ద పనిచేసిన విలియమ్ బ్రాడ్‌బర్న్ పాత చోటనే తన అంగడి పెట్టెను. అంతట మొదలైనది తగవు. ఎన్నడును చోటు మారని అసలైన పాత దుకాణము తనదేనని ఒకరు, వీధికి ఆవలినుండి తరలివచ్చిన అసలువాడను తానేనని ఒకరు ప్రకటించుకొన్నారు. అసలు అన్నది గోడలదా, చేతిదా? తియ్యని సరకు అమ్ము వీధులన్నింటను ఈ వ్యాజ్యము ఉన్నదే. ఏ న్యాయస్థానమును తీర్చినట్లు కానరాదు. బర్చ్ కంటె ముందే, 1769లో, మాంచెస్టరు నివాసిని ఎలిజబెత్ రాఫల్డ్ తన పాకశాస్త్ర గ్రంథమున కరెంట్లు పెట్టిన తీపి భక్ష్యమునొకదానిని వర్ణించినది. ఎకిల్స్ కేకునకు అదియే తల్లి యని కొందరి ఊహ. కాని ఆమె పూర్ణములో దూడకాలి మాంసము కూడ ఉన్నది. తల్లి అయినను బిడ్డకు పోలిక తక్కువ.

దీనికంటె పెద్దది బాన్‌బరీ కేకు. ఆక్స్‌ఫర్డ్ సీమలోని బాన్‌బరీ పట్టణము పేరు తెలుగు దేశపు ఆంగ్ల మాధ్యమ శిశుతరగతులలో నిత్యము మారుమ్రోగుచున్నది. కొయ్యగుర్రమెక్కి బాన్‌బరీ కూడలికి పోవు పాట నేర్వని పిల్లలు ఆ తరగతులలో అరుదు. ఆ ఊరు దేనికి ప్రసిద్ధియో చెప్పిన ఉపాధ్యాయులును అరుదే. బాన్‌బరీ కేకు కోలగా ఉండును, మసాలా ఘాటు హెచ్చు. గెర్వాస్ మార్కమ్ 1615లో ప్రకటించిన గృహిణీ ధర్మ గ్రంథమున దీని విధానము కలదు. అంతకు ఒక యేడు ముందు, 1614లో, బెన్ జాన్సన్ తన ‘బార్తొలొమ్యూ ఫెయిర్’ నాటకమున బాన్‌బరీ నుండి వచ్చిన ఒక కపట శుద్ధాచారిని రంగస్థలమెక్కించెను. వాడు పూర్వాశ్రమమున రొట్టెలు కాల్చు వృత్తివాడు. తాను కాల్చిన కేకులు పెండ్లి విందులకును, వసంతోత్సవముల ఆటపాటలకును పోవుచున్నవని మనస్సాక్షి బాధింపగా వృత్తి మానుకొన్నాడట! అంతటి వైరాగ్యము గలవాడు తీర్థములో పందిమాంసము కనబడగానే దానిని తినుటకు శాస్త్రము వెదకి, తృప్తిగా తినును. నాటకము చూచిన లండను జనులు బాన్‌బరీ అనగానే కేకును, శుద్ధాచారమును ఒక్కసారి తలచుకొని నవ్వి ఉందురు. ఆ కేకు ఎట్టిదో ఎరుగని విద్యార్థికి ఆ నవ్వులో సగమే దక్కును.

కేకులో ఉన్న వస్తువుల పుట్టుక విచారించినచో ఆశ్చర్యము కలుగక మానదు. కరెంట్లు గ్రీసువి, జాంటీ ద్వీపమునుండియు, పాట్రాస్ తీరమునుండియు ఓడలలో వచ్చినవి. షేక్‌స్పియరు ‘వింటర్స్ టేల్’ నాటకమున గొఱ్ఱెల ఉన్ని కత్తిరించు పండుగకు సరకులు కొనబోవు పల్లెటూరి యువకుని పట్టీలో మూడు పౌనుల చక్కెరకు అయిదు పౌనుల కరెంట్లున్నవి. గొల్లవాని ఇంటి పండుగకే అంత కావలసి వచ్చెనన్నచో, దేశమంతటికి ఎన్ని ఓడలు నడచెనో ఊహింపవచ్చును. పన్ను వేయు రాజు ఆ ఊహ చేయకుండునా! పార్లమెంటు అనుమతి లేని అదనపు సుంకము, నూరు పౌనులకు పైబడిన ఒక బరువుపై అయిదు షిల్లింగులు, కరెంట్ల దిగుమతిపై పడెను. జాన్ బేట్ అను వర్తకుడు చెల్లించనని ఎదురు తిరిగెను. 1606లో న్యాయమూర్తులు రాజు పక్షమున తీర్పు చెప్పినారు. ప్రజా ప్రతినిధుల సమ్మతి లేక పన్ను వేయు హక్కు రాజునకు కలదా యను ఆ ప్రశ్న పిదప రాజును ప్రజలను యుద్ధభూమిలో నిలుపు తగవులలో ఒకటైనది. ఆంగ్ల రాజ్యాంగ చరిత్ర బోధించువారు ఈ వ్యాజ్యమును తప్పక చెప్పుదురు. కేకులోని నల్లపండ్లపైననే అది పుట్టినదని అప్పుడే చెప్పినచో తరగతిలో నిద్రించువాడు ఒకడైనను లేచును.

జాజికాయ పుట్టిల్లు బందా దీవులు. పదునెనిమిదవ శతాబ్దము చివరివరకు లోకమునకంతటికి జాజికాయ అచ్చటినుండియే రావలెను. 1621లో డచ్చివారు ఆ దీవులను రక్తపాతముతో వశపరచుకొన్నారు. ఆ తూర్పు దీవులలో సుగంధ ద్రవ్యములకు మారుగా చెల్లిన సరకులలో కోరమాండల్ తీరపు నూలుబట్టలు ముఖ్యమైనవి. ఆంగ్లేయ కంపెనీ ఓడ 1611లో మచిలీపట్నము చేరినది ఆ బట్టల కొరకే. కనుక ఇంగ్లండు పల్లెలలో కాలిన కేకుల జాజికాయ వెనుక తెలుగు నేతగాని మగ్గము చప్పుడు ఉన్నదనుట అతిశయోక్తి కానేరదు. పైన చల్లు పలుకు చక్కెరకు డెమెరారా అని పేరు. అది దక్షిణ అమెరికాలోని గయానా దేశపు ఒక ప్రాంతము పేరు. ఆ చెరకు తోటలలో మొదట ఆఫ్రికా బానిసలు చెమటోడ్చినారు. బానిసత్వము పోయిన పిదప, 1838 నుండి, భారత దేశపు ఒప్పంద కూలీలు ఓడలెక్కినారు. మద్రాసు రేవునుండి పోయినవారిలో తమిళులతో పాటు తెలుగువారును ఉండిరి. నాలుకపై కరగు ఆ పలుకులకు ఇంత బరువున్నది.

ఇక ఇంగ్లండునకు మిగిలినదేమి? పిండి, వెన్న. అంతమాత్రముననే దీనిని ఆంగ్ల సంప్రదాయపు భక్ష్యమనవచ్చునా యని అడుగువారు కలరు. అనవచ్చును. సంప్రదాయము సరకులలో ఉండదు. చేయు చేతిలోను, తిను పద్ధతిలోను ఉండును. మిరపకాయ అమెరికా నుండి వచ్చినదని ఆవకాయను అమెరికా పచ్చడి అనువాడు లేడు. కాని ఈ మాట ఒప్పుకొన్నవారు దాని వెంట వచ్చు రెండవ మాటయు ఒప్పుకొనవలసి ఉండును. చేయు చేయి మారి, తిను పద్ధతి పోయినచో, పేరొక్కటి మిగిలి ఏమి ప్రయోజనము?

ఎకిల్స్ కేకునకు నేడు వచ్చిన చిక్కు ఇదియే. కార్నిష్ పేస్టీ అను మరియొక ఆంగ్ల భక్ష్యము 2011లో తన సీమ పేరునకు ఐరోపా రక్షణ సంపాదించుకొన్నది. తిరుపతి లడ్డు 2009లోను, ఆత్రేయపురము పూతరేకులు 2023లోను భౌగోళిక గుర్తింపు పొందినవి. ఎకిల్స్ కేకునకు అట్టి కంచె లేదు. ఎవరు ఎచ్చట చేసినను ఆ పేరు పెట్టవచ్చును. పొట్లములో నాలుగేసి కట్టి అంగళ్లలో అమ్ము సరకులో మంచిదియు ఉన్నది. పూర్ణము తగ్గి, తీపి హెచ్చి, పొరలు మెత్తబడిన చవకదియు ఉన్నది. మాంచెస్టరు, సాల్ఫర్డ్ విశ్వవిద్యాలయములకు చదువబోయిన తెలుగు యువకుడు ఆ రెండవ రకము పొట్లము కొని, నిలుచున్నచోటనే విప్పి, చల్లగానే కొరికి, “నూనె, తీపి తప్ప ఏమియు లేదు” అని తీర్పు చెప్పినచో ఆతని తప్పేమియు లేదు. కాని ఆ తీర్పు ఎకిల్స్ కేకునకు చెల్లదు. చల్లారి బిగిసిన బొబ్బట్టును నెయ్యి లేక తిన్న పరదేశి బొబ్బట్టును గూర్చి చెప్పు మాటకెంత విలువయో, దీనికిని అంతే.

దీనిని తినుటకొక మర్యాద కలదు. మొదటిది వెచ్చదనము. పొయ్యినుండి తీసిన వెంటనే తినరాదు; లోని పాకము నాలుకను కాల్చును. గోరువెచ్చగా దిగినపుడు వెన్న కరిగి ఉండి, పొరలు పెళుసుగా ఉండి, జాజికాయ వాసన మేల్కొని ఉండును. చల్లారిన దానిని సన్నని సెగపై పొయ్యిలో కొన్ని నిముషములు ఉంచినచో ప్రాణము లేచివచ్చును. మైక్రోవేవ్ పెట్టె పనికిరాదు. అందు పొరలు తోలువలె సాగుట అటుంచి, పైని చక్కెర మితిమీరి కాగి నిప్పంటుకొనుటయు కలదు. 2013లో లాంకషైర్ అగ్నిమాపక దళమువారు ఈ విషయమై ప్రజలను హెచ్చరింపవలసి వచ్చినది. భక్ష్యమునకు అగ్నిమాపకుల హెచ్చరిక పొందిన ఘనత తక్కువ వానికే దక్కును.

రెండవది ముఖ్యమైనది: ప్రక్కన లాంకషైర్ చీజ్ ముక్క ఉండవలెను. చీజ్‌ను పాఠ్యపుస్తకములలో జున్ను అని అనువదించుట పరిపాటి. జున్ను ఈనిన పశువు తొలిపాలతో అయ్యెడి మెత్తని తీపి పదార్థము; చీజ్ విరిచిన పాలను గట్టిగా నొక్కి, ఉప్పు చేర్చి, నెలల తరబడి మాగనిచ్చినది. రెండింటిని ఒకే మాటతో చెప్పినచో కేకు ప్రక్కన తీపిపై తీపి పెట్టినట్లు బాలుడు భ్రమించును. చీజ్‌ను చీజ్ అనుటయే మేలు. లాంకషైర్ చీజ్ తెల్లనిది, వ్రేళ్లతో నలిపిన పొడిపొడిగా రాలునది. రెండు మూడు దినముల విరుగుడును కలిపి చేయుట దాని ప్రత్యేకత. అందుచేతనే దానికి వెన్న కమ్మదనముతో పాటు మజ్జిగను తలపించు పులుపు వచ్చును. కేకు తీపి నోటిని కప్పివేయబోవు సమయమున ఆ ఉప్పును, ఆ పులుపును వచ్చి నాలుకను కడుగును. రెండవ కొరుకునకు కరెంట్లలో దాగిన వగరు కూడ తెలియవచ్చును. 1994లో లండనులోని స్మిత్‌ఫీల్డ్ చెంత తెరచిన సెయింట్ జాన్ భోజనశాలవారు ఈ జంటను రాజధానివారికి మరల రుచి చూపినారు. పళ్లెములో కేకొకటి, చీజ్ ముక్కయొకటి, అలంకారమేమియు లేదు. యార్క్‌షైర్‌వారు క్రిస్మస్ పండ్ల కేకుతో వెన్స్‌లీడేల్ చీజ్ తినుటయు ఇట్టి మర్యాదయే.

తీపితో ఉప్పని పాలపదార్థమా యని ముఖము చిట్లించు తెలుగువారు ఒక్క క్షణము ఆలోచింపవలెను. ఉప్పు కలిపిన పెరుగన్నములో మామిడిపండు రసము పిండుకొని తిను నాలుక తెలుగువారిదే కదా. పండు తీపిని పాల పులుపుతో కలుపు రహస్యము గోదావరి గట్టున ఒక రీతిగ, లాంకషైర్‌లో ఒక రీతిగ తెలిసినది. అంతకుమించి ఈ పోలిక సాగదీయరాదు. కేకును కేకుగానే తినవలెను, చేతిలో ఆవకాయ ముక్క పట్టుకొని తినరాదు.

మీగడ గాని, ఐస్‌క్రీము గాని పైన వేయుట పట్టణపు హోటళ్లలో అచ్చటచ్చట కనబడుచున్నది. అది కేకునకు అపచారము. పొరల పెళుసుదనమే దాని సొగసు. తడి తగిలిన క్షణములో అది పోవును. వెంట పాలు కలిపిన తేనీరు చాలును, అందు చక్కెర వేయక తాగుట ఉత్తమము. శాకాహార నియమము గలవారు మూడు ప్రశ్నలు సిగ్గుపడక అడుగవలెను: పిండిలో వాడినది వెన్నయా, పంది కొవ్వా; పైన పూసినది గ్రుడ్డు సొనయా, పాలా; చీజ్ విరిచినది పశువు కడుపు నుండి తీసిన తోడుతోనా, కాదా. మూడింటికిని నియమమునకు సరిపడు రకములు ఇంగ్లండులో దొరకును, అడిగినచో ఎవరును తప్పు పట్టరు.

ఇంత తీపి వలదనువారికి అదే సీమలో చోర్లీ కేకు ఉన్నది. దానికి పొరలు లేవు, పైన చక్కెర లేదు. పలుచని, సాదా పిండిలో అవే కరెంట్లు. ఎకిల్స్ వారు దానిని పేదచుట్టముగా చూతురు, చోర్లీ వారు ఎకిల్స్ కేకును ఆడంబరమందురు. దానిపై వెన్న దట్టముగా రాచి, ఆ పైన చీజ్ పెట్టుకొని తినుట చోర్లీ వాడుక. ఎకిల్స్ కేకునకు వెన్న రాయనక్కరలేదు. దానిని పళ్లెము మీదికి వంగి చేతితోనే తినవలెను. పొరలు రాలక మానవు. చివర పళ్లెములో మిగిలిన ఆ రాలుడును తడివ్రేలితో అద్ది తినుట అచ్చట పెద్దలు కూడ చేయు పనియే.